చేను వైపు తిరిగిన ఫోటో

ఈ రోజు మధ్యాహ్నం మంగళవాడ నుంచి ఒక అవ్వ, చనిపోయిన భర్త ఫోటో పట్టుకొని మా ఫ్రేముల షాపుకు వచ్చింది. నేను పుట్టకముందు, కరువు ఏళ్ల నడుమ ఒక ఏడు పంట బాగా వస్తే, అప్పుడే పీకిన వేరుశెనగ కుప్ప పక్కన నిలబెట్టి తీయించిన కలర్ ఫోటో. ముఖం వెలిసిపోయింది. ఫ్రేము విప్పితే, చెక్క అంచు కింద దాగిన చోట మాత్రం ఆకులు పచ్చగా ఉన్నాయి. ఆ ఏటి పచ్చదనం మా నాన్న చెప్తే విన్నదే, చూడటం ఇదే మొదటిసారి. మిగతాదంతా ఎండకు పోయిందని నాకు ఒళ్లు మండింది.

"ఎవరన్నా ఫోటోను ఎండలో తగిలిస్తారా అవ్వా?"

"వసారాలో అయితేనే ఆయనకి చేను కనపడేది."

"లోపల పెట్టు. లేకుంటే ఈ ముఖం కూడా మిగలదు."

"లోపల ఏముండాదప్పా? గోడలు చూస్తా కూకోవల్లా?"

అద్దం తీసేసి, ఎండలోని యూవీ కిరణాలను అడ్డుకునే యాక్రిలిక్ షీటు వేశాను. పోయిన రంగు తిరిగి రాదని, ఉన్నది కొంచెం నెమ్మదిగా పోతుందని గట్టిగానే చెప్పాను.

"చాల్లేప్పా. ఈ తూరి మళ్లీ శెనక్కాయ ఏసినాం. అది చూసేదాకా ఉంటే చాలు."

మీ ఇళ్లలో ఫోటోలు ఎటు చూస్తున్నాయో చెప్పండి. ఎండలో ఉన్నాయంటే నాతో తిట్లు తింటారు. ఎండలోనే పెట్టుకుంటానని తప్పించుకున్నది అవ్వ ఒక్కతే.