నాగమణి పేరుతో నేను రాసిన పాఠాలు

మా చిన్నప్పుడు... కరోనాకి బడి మూసేసిన ఏడాది, పొద్దున్నే మా ఇంటి అరుగు మీద ఆరు నోటు పుస్తకాలు వచ్చి పడేవి. ఒకటి నాది. మిగతా ఐదూ మా వీధి పిల్లలవి. అదేం చిన్నతనం, నిన్నగాక మొన్నేగా అంటారేమో... నాకిప్పుడు పద్దెనిమిదేళ్లు. నా చిన్నతనం అదే మరి.

మాచర్ల దగ్గర పల్లె మాది. నాన్న నాపరాళ్ల లారీ డ్రైవర్ కాబట్టి మా వీధిలో పెద్ద ఫోన్ మా ఇంట్లోనే ఉండేది. సార్ వాట్సాప్‌లో పాఠం పెడతారు... మేం రాసి ఫోటో తీసి పంపాలి. ఫోటో వస్తే హాజరు వేసినట్టే. ఏడో తరగతి అలా గడిచింది.

నా స్నేహితురాలు నాగమణి వాళ్లమ్మతో పాటు మిరప చేలో కలుపుకి వెళ్లేది. అప్పటికి తను తెలుగు కూడబలుక్కుని చదివేది. ఇంకొక్క ఏడు బడి నడిస్తే గాడిన పడేది.

"నాగమణిది గూడా నువ్వే రాసెయ్యమ్మాయ్. నీ చెయ్యేం అరిగిపోదులే" అంది వాళ్లమ్మ సామ్రాజ్యం పిన్ని.

రాశాను. ఆరుగురివీ నేనే రాశాను. నాగమణి పేజీలో అక్షరాలు ఎడమకి వాల్చి, నమ్మకం కుదరడానికి కావాలనే రెండు తప్పులు పెట్టేదాన్ని. సార్ బొటనవేలి బొమ్మ పెట్టేవారు. వీధంతా నన్ను బంగారు తల్లి అంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బడి తెరిచారు. సార్ నాగమణిని లేపి, ఆ పిల్ల నోటు పుస్తకమే చేతికిచ్చి చదవమన్నారు. పట్టుకుని నిలబడింది... ఒక్క ముక్క రాలేదు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సార్ పేజీలు తిప్పి నా వంక చూశారు. ఆయనకు అర్థమైంది. అయినా ఏమన్నారో తెలుసా...

"కూర్చోమ్మా. ఎట్టాగూ అందరూ పాసేగా."

ఆ మాట మీద నాకు ఇవాళ్టికీ కోపం చల్లారలేదు. పాస్ చేస్తే చేశారు, పోనీ. రోజూ ఒక గంట కూర్చోబెట్టి ఆ పిల్లకి గుణింతాలు దిద్దిస్తే ఎవరి సొమ్ము పోయింది? పోయిన పాఠాల ఊసే లేకుండా కొత్త పుస్తకాలు చేతిలో పెట్టారు. రానివాళ్లని వెనక బెంచీకి నెట్టారు. నాగమణి పదో తరగతి తప్పాక "దానికి చదువబ్బలేదు" అని తేల్చేశారు. అబ్బకపోవడం ఏమిటి... అసలు చెప్పిందెవరు?

నేను మాత్రం తక్కువ తిన్నానా? నాలుగిళ్ల అవతలే ఉండేది. ఒక్కరోజు పలక పట్టుకుని వెళ్లలేదు. నా మార్కులు నేను చూసుకున్నాను.

ఇప్పుడు నేను నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్నాను. తను మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తోంది. మొన్న తన పుట్టినరోజుకి ఇంత పొడుగు మెసేజ్ రాసి పంపాను. సాయంత్రానికి వాయిస్ వచ్చింది.

"ఏందే అంత రాశావ్... నోటితో చెప్పొచ్చుగా. ఎవురితోనన్నా చదివించుకోవాలంటే సిగ్గుగా ఉందే."

ఇన్నేళ్లుగా తను వాయిస్‌లే ఎందుకు పెడుతుందో నేను ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు బళ్లకి రంగులేశారు, గోడలకి టీవీలు బిగించారు... ఆ ఏడాది జారిపోయిన పిల్లల్ని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు. మీ ఊళ్లోనూ అలాంటివాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద రాయండి. రాసింది వాళ్లకి చదివి వినిపించండి... వాళ్లంతట వాళ్లు చదువుకోలేరు.