బాపు గొంతులో బాబిన్ రిపోర్టు

మా కుక్క బాబిన్ కనురెప్ప మీద శనగగింజంత గడ్డ లేచింది. అది కన్నుగుడ్డుకు రాసుకుంటోందని డాక్టరమ్మ పోయిన వారం మత్తిచ్చి కోసేసి, ముక్కను పరీక్షకు పంపింది. చెడ్డ గడ్డ అయితే కన్నే తీసేయాల్సి రావచ్చని చెప్పింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు, బాబిన్‌కు తప్ప.

ఈ రోజు రిపోర్టు కోసం మా బాపూ నేనూ మా పేట గోడాదరా నుంచి దాన్ని ఆటోలో తీసుకెళ్లాం. డాక్టరమ్మ కాగితం చదివి, "క్యాన్సర్ నహీ హై, ఆంఖ్ బచ్ గయీ" అని మెల్లగా అంది. బాపు నా మొహం చూశాడు. ఏళ్ల తరబడి మరమగ్గాల షెడ్డులో, లూముల మోతలో పనిచేసిన మనిషికి మెల్లటి మాట వినిపించదు.

"క్యాన్సర్ కాదట బాపూ, కన్నుకేం కాదట" అని చెవిలో అరిచాను.

అక్కడే అమ్మకు ఫోన్ కలిపాడు. షెడ్డులో మాట్లాడే గొంతు తప్ప ఆయనకు ఇంకో గొంతు లేదు.

"ఏమే, మన బాబిన్‌ది పాడు గడ్డ కాదట. కన్ను తీసుడు లేదు. జర చాయ్ పెట్టు, వస్తున్నం."

బయట వరసలో ఉన్న కుక్కలన్నీ మొరిగాయి. తెలుగు ముక్క రానివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక గుజరాతీ ఆమె బాపును ఆపింది.

"కాకా, థోడా రుకో. మేరీ బిల్లీ కా రిపోర్ట్ భీ ఆప్ హీ సునానా."

తన పిల్లి కబురు కూడా ఆ గొంతులోనే వినాలట. ఆగాం. దానిదీ మంచి గడ్డే. బాపు చెప్పాడు. ముప్పై కిలోమీటర్ల అవతల బార్డోలీలో ఉన్నవాళ్లు ఎవరైనా విన్నారా?