కళ్లాపి చల్లిన రన్‌వే

2022 ఆషాఢం. పావగడ సోలార్ పార్కు పక్కన, నాగలమడిక వైపు, ఒక బీడును చదును చేసి మాకు మట్టి రన్‌వే తయారు చేసి ఇచ్చారు. నేను మైక్రోలైట్ పైలట్‌ని. మైక్రోలైట్ అంటే ఇద్దరు పట్టే చిన్న విమానం, ఆటో అంత బరువు కూడా ఉండదు. పక్క సీట్లో సుధ. వేడెక్కి పాడవుతున్న సోలార్ ప్యానెళ్లను పైనుంచి థర్మల్ కెమెరాతో కనిపెట్టే ఇంజనీరు. ఆమె నోటికి విశ్రాంతి ఉండదు కాబట్టి నాకు భయపడే తీరిక దొరకదు.

పొద్దున మేం దిగినప్పుడు ఎర్రదుమ్ము లేచి, చూడటానికి వచ్చిన ఊరివాళ్లనూ మమ్మల్నీ ముంచేసింది. మధ్యాహ్నం రెండోసారి దిగే వేళకి పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. రన్‌వేకి అడ్డంగా వీచే ఇలాంటి గాలిని క్రాస్‌విండ్ అంటారు. దుమ్ము మీద పడకుండా జనం ఈసారి గాలి వచ్చే పక్కన, అంటే నాకు ఎడమ వైపు నిలబడ్డారు. రన్‌వే మొదట్లో నేల నల్లగా కనిపించింది. మబ్బు నీడ అనుకున్నాను.

చక్రాలు నేలను తాకాయి. హమ్మయ్య అనుకునే లోపే జర్రున జారాయి. నీడా కాదు, పాడూ కాదు, బురద! గాలి తోకను నెట్టేసింది, ముక్కు ఎడమకు తిరిగింది. బ్రేకు నొక్కితే ఇంకా జారింది. ఎదురుగా చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు.

"సార్, మనుషులు!" అని సుధ కేక పెట్టింది.

బ్రేకు వదిలేసి ఇంజన్‌ను పూర్తి వేగానికి తోశాను. ప్రొపెల్లర్ గాలి గట్టిగా తగిలితేనే తోకలో ఉండే చుక్కాని, మేం రడ్డర్ అంటాం, మాట వింటుంది. కుడికాలితో దాన్ని చివరిదాకా తొక్కాను. తిరగవే తల్లీ, తిరుగు! ముక్కు తిరిగింది. చక్రాలు లేచాయి. ఎడమ రెక్క జనం మీదుగా పోయింది. దిగబోయి ఇలా మళ్లీ లేవడమే గో-అరౌండ్.

వెనక్కి చూస్తే అందరూ నేలమీద పడి ఉన్నారు. సుధ కెమెరా తిప్పింది. దాని తెరమీద ఒంటి వేడి మనిషి ఆకారంగా విడిగా కనిపిస్తుంది.

"కదులుతున్నారు సార్! లేస్తున్నారు! అందరూ లేస్తున్నారు!"

ఆమె ఏడుస్తోంది, నేను నవ్వుతున్నాను. నల్లటి ముక్క దాటి పొడినేల మీద దిగాం.

దిగీదిగగానే అరిచాను. "ఎవరు నీళ్లు పోసింది?"

ప్యానెళ్లు కడిగే పనికి వచ్చే లక్ష్మక్క ముందుకొచ్చింది. "మేమే చల్లినామప్పా. పొద్దున నీ మొగమంతా మట్టే అయిపోయింటే మాకే సిగ్గాయ. మనిషి వస్తాండాడంటే వాకిట్లో నీళ్లు చల్లల్ల కదా? ప్యానెళ్లు కడిగే ట్యాంకర్ పిలిపించినాము. ఇట్లయితాదని యాడ తెల్సు?"

"అక్కా, మీరంతా పోయేవాళ్లు కదా!"

"నువ్వు పోయింటే మేం ఏం కావల్ల?" అని ఆమె నామీదే కోప్పడింది. ఆమె చంకలో మనవరాలు మాత్రం "ఇంగోసారి!" అని చప్పట్లు కొట్టింది.

గాలిని ఎలా చదవాలో నాకు శిక్షణలో నేర్పారు. కింద నిలబడినవాళ్లు మన మీద ప్రేమతో ఏం చేస్తారో ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఏ ఊళ్లో ఎగరాల్సి వచ్చినా ముందు జనం మధ్య కూర్చుని, "మాకోసరం ఏమన్నా చేసినారా?" అని అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. జవాబు వచ్చేదాకా నేను ఇంజన్ ముట్టను.