నా గునియా, యాదయ్య గోడ

మొయినాబాద్‌లోని మా వడ్రంగి షెడ్డుకు కొత్త స్లైడింగ్ టేబుల్ కోత మిషన్ వచ్చింది. ఈ రోజు దాన్ని బిగించనీకి ఫిట్టర్ వచ్చిండు. పొద్దటి నుంచి ఆరు ప్లైవుడ్ ముక్కలు కోసి చూపించిండు. ప్రతి ముక్క మూలకు మా బాపు ఇచ్చిన గునియా, అదే మూలమట్టం, ఆనించి చూసిన. ప్రతిసారీ సందులకెళ్లి వెలుతురు కనిపించింది. నాకు మండింది. మెహిదీపట్నం బస్సుకు టైమైందని ఆయన సంచి సర్దుతుంటే షటర్ సగం దించి, బైబిల్ తీసి దొంగ తూకాల మీద దేవుని వాక్యం గట్టిగ చదివిన.

"మిషన్ సక్కగయ్యేదాంక నువ్వు కదలవు తమ్మీ!"

"వాక్యం మంచిగున్నది పాస్టరన్నా. జర నీ గునియా ఇటియ్యి."

ప్లైవుడ్ అంచుకు దాన్ని ఆనించి ఒక గీత గీసిండు. తిరగేసి అక్కడనే ఇంకో గీత గీసిండు. గునియా సక్కగుంటే రెండు గీతలు ఒక్కటే కావాలె, కలవలేదు. వంకర మిషన్‌ల లేదు, నా గునియాలనే ఉన్నది. షటర్ ఎత్తిన. ఆయన పోయిండు, నేను ఇరుక్కున్న.

ఎందుకంటే మా ప్రార్థన మందిరం తలుపు ఆ గునియాతోనే చేసిన. అది సరిగ పడకపోతే, గోడ వంకర కట్టినవని మేస్త్రి యాదయ్యను పదకొండేండ్ల సంది అందరి ముందు తిడుతున్న. ఆయన ఏనాడూ ఎదురు మాట్లాడలే. ప్రతి ఆదివారం ముందు వరుసలనే కూసుంటడు.

ఎల్లుండి ఆదివారం. ప్రసంగం నాదే. తప్పించుకునే వాక్యం ఒక్కటన్న ఉన్నదా అని ఇప్పటిదాంక పేజీలు తిప్పిన, దొరకలే. మీకెవరికన్న తెలిస్తే చెప్పుండ్రి. యాదయ్యకు మాత్రం చెప్పకుండ్రి, అది నేనే చెప్పాలె.