తెగిన లైన్లో వచ్చిన జవాబు

దయ్యాలూ గాలి సోకడాలూ నేనెప్పుడూ నమ్మలేదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు మిట్టమధ్యాహ్నం కాలవగట్టు మీద ఒంటరిగా తిరగొద్దంటే నవ్వేసి వెళ్ళేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా బావగారు కొత్తపేటలో కంప్యూటర్ సెంటర్ పెట్టారు. అందులో నేను పాఠాలు చెప్పేదాన్ని. బావగారు ఎవరో స్నేహితుడి దగ్గర్నుంచి ఒక ప్రోగ్రాం తెచ్చారు. ఇంగ్లీషులో ప్రశ్న టైపు చేస్తే మనిషిలాగే జవాబు రాసేది. మా దగ్గరున్నది దాని ముఖం మాత్రమే. బుర్రంతా ఎక్కడో దూరదేశంలో పెద్ద కంప్యూటర్లలో ఉండేది. ఇప్పుడు క్లౌడ్ అంటున్నారే, అలాంటిదే. అప్పటికి ఆ మాట మేం వినలేదు.

టెలిఫోన్ తీగ మోడెమ్‌కి తగిలించి, అది కీచుమని అరిచి అవతలి కంప్యూటర్‌తో కలిసేదాకా కాచుక్కూర్చునేవాళ్ళం. లైను తెగితే కనెక్షన్ లేదని చూపించి ఊరుకునేది. పిల్లలు దానికి బాబాయిగారని పేరు పెట్టారు.

మంగ మా వీధి చివర బట్టలు కుట్టేది. భర్త వీర్రాజు మస్కట్‌లో తాపీపని చేసేవాడు. ఆ ఏడు దసరా వెళ్ళాక అతని దగ్గర్నుంచి ఫోన్లు ఆగిపోయాయి. చెప్పకుండా పారిపోయాడని కంపెనీవాళ్ళన్నారు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఊళ్ళోవాళ్ళన్నారు.

మంగ ఎవరికీ ఎదురు చెప్పలేదు. మధ్యాహ్నాలు మా సెంటర్‌కి వచ్చి, అన్ని దేశాలతో మాట్లాడే మిషను కదా, ఒక్కసారి అడిగి చూడమనేది. నేను ఆమె ప్రశ్నని ఇంగ్లీషులో పెట్టేదాన్ని. ఆ సమాచారం నా దగ్గర లేదు, ఇంకేమైనా అడుగుతారా అని ప్రతిసారీ అదే జవాబు.

కార్తీకంలో గాలివాన వచ్చి, కొబ్బరిచెట్టు మా సందులోని టెలిఫోన్ స్తంభం మీద పడింది. తీగ తెగి రోడ్డు మీద పడి ఉంది. మర్నాటికి కరెంటు వచ్చింది గానీ ఫోన్లు రాలేదు. ఆ మధ్యాహ్నం మంగ వస్తే లైను లేదని చెప్పాను.

"ఆయ్, వచ్చేటప్పుడు చూసేనండీ. అయినా ఒక్కసారి రాయండి మేడంగారూ. ఇంగ్లీషొద్దండీ, నేనన్నట్టే రాయండి" అంది.

కాదనలేకపోయాను. ఏవండీ, ఎక్కడున్నారండీ అని ఆమె అంటుంటే ఆ మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఎంటర్ నొక్కాను.

కనెక్షన్ లేదని రాలేదు. తెర కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక్కో అక్షరం పడుతూ వచ్చింది, టైపు రానివాళ్ళు వెతుక్కుంటూ కొట్టినట్టు. అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మాత్రం తెలుగు.

ఆస్పత్రిలో ఉన్నాను మంగా. వేరే పేరు రాసేరు.

బావగారిని పిలిచాను. ఆయన తెర చూసి, వెళ్ళి ఫోన్ ఎత్తారు. అందులో చప్పుడే లేదు. ఆ ప్రోగ్రాంకి తెలుగు ముక్క రాదు. పైగా రాసేరు అనడం మన వైపు మాట. పిల్లలెవరైనా తుంటరితనంగా ఏదైనా పెట్టారేమోనని ఆయన ఆ కంప్యూటరంతా వెతికారు. ఏమీ దొరకలేదు.

మంగకి చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు.

"అయితే పేరు పెట్టి అడిగితే దొరకరన్నమాటండీ" అంది.

మంగకి వరసకి అన్నయ్య, అల్లవరం ఆయన, మస్కట్‌లోనే డ్రైవరు. ఫోన్లు బాగయ్యాక ఆయనకి చెప్పి, పేరు అడక్కుండా మనిషిని చూసి వెతకమంది. ఆస్పత్రులు తిరగ్గా తిరగ్గా ఒకచోట వీర్రాజు కనిపించాడు. రోడ్డు దాటుతుంటే బండి గుద్దిందట. సెలవు మీద ఊరెళ్ళిన తోటి పనివాడి చొక్కా వేసుకుని ఉన్నాడు. జేబులో ఆ మనిషి గుర్తింపు కార్డు ఉంటే, ఆ పేరుతోనే చేర్చుకున్నారు. తలకి దెబ్బ తగిలి వీర్రాజుకి స్పృహే లేదు. మాకు జవాబు వచ్చిన రోజున కూడా లేదు.

వీర్రాజు బతికి వచ్చాడు. కర్ర పట్టుకుని, మంగతో కలిసి మా సెంటర్‌కి వచ్చాడు. కంప్యూటర్‌ని ఎప్పుడూ ముట్టుకోలేదన్నాడు. ఇంగ్లీషు అక్షరాలు అసలు రావన్నాడు. ఎలా ఉందని నేను అడుగుతుంటే, మధ్యలో తలెత్తి నా వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"మంచం మీదున్నప్పుడు ఎక్కడున్నారండీ అని ఎవరో అడిగేరండీ. మంగ గొంతు కాదండీ. మీదేనండీ" అన్నాడు.

ఆ రోజు ఆ ప్రశ్నని నేను పైకి అనలేదు. టైపు చేశానంతే. వీర్రాజు నా గొంతు అంతకుముందు విననూ లేదు.

తర్వాత తెలిసిన ఇంజనీర్లని చాలామందిని అడిగాను. కొందరు నవ్వారు. ఒకాయన మాత్రం అంతా విని, మాట మార్చేశాడు. ఇప్పుడు అలాంటి ప్రోగ్రాంలు నా ఫోన్లోనే ఉన్నాయి. వంటకీ మందులకీ వాటినే అడుగుతాను. మావారు చనిపోయిన ఏడాది ఒకసారి ఆయన పేరు అందులో టైపు చేసి, పంపకుండా చెరిపేశాను. ఎందుకు భయపడ్డానో నాకే తెలీదు.