నాన్న కాలికి కాపలా

మొన్న కార్ఖానా బస్తీలో మా పక్కింటివాళ్లు నొప్పులకని వావిలాకు మరిగిస్తుంటే, ఆ ఘాటు వాసనకు నాన్న బెణికిన కాలు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఐదేళ్లు. నాన్న మెట్ల మీద జారి మూడు రోజులైనా నొప్పి తగ్గలేదు. "కాలుకు జెర కాపడం కావాలె," అంది నానమ్మ. కాలిని కాపాడాలేమో అనుకున్నాను. గొడుగు పట్టుకుని మంచం ముందు నిలబడ్డాను. వావిలాకు నీళ్లలో ముంచిన వేడి గుడ్డతో వచ్చిన నానమ్మనే ఆపేశాను.

"జరుగు బిడ్డా, కాపడం పెట్టాలె."

"నేను కాపాడుతున్న కదా. నువ్వు కాలుస్తవు."

నాన్న నొప్పి మరిచి నవ్వాడు. నానమ్మకు దారిమ్మని నన్ను బతిమాలి ఒప్పించాడు.

రెండు రోజులకు మామూలుగా నడిచాడు. ఎట్ల తగ్గిందని అడిగినవాళ్లందరికీ, "మా బిడ్డ కాపాడింది," అని చెప్పాడు. కాపడమంటే ఏమిటో నాకు తెలిశాక కూడా ఆయన ఆ మాట మార్చలేదు.