సంతాపం గారి ప్రోటీన్

మా సంతాపం గారికి ఒకటే అలవాటు. ఏ పనైనా మొదలుకాకముందే దానికి సంతాపం తెలిపేసేవారు. అందుకే మా ప్రయోగశాలలో అందరం ఆయన్ని అలా పిలిచేవాళ్లం.

నేను కొత్త స్కూటర్ కొని తెస్తే అందరూ పార్టీ అడిగారు. ఈయన మాత్రం బండి చుట్టూ ఓసారి తిరిగి, నా భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యంగా ఉండండి" అన్నారు. ఆయన భార్యను కదిపితే, "పెళ్లయిన రోజునే నన్ను ఓదార్చారండీ" అనేది.

మా ప్రయోగశాల ఆసుపత్రి నేలమాళిగలో ఉండేది. పైనున్న వార్డులో ఓ మొండి క్రిమి మనుషుల్ని వరసపెట్టి తీసుకుపోతుండేది. ఖాళీ అయిన మంచాన్ని తోసుకెళ్లే చక్రాల చప్పుడు మా నెత్తిమీదే వినిపించేది. ఆ క్రిమి ఒంటిగోడలో ఒక ప్రోటీన్ ఉంటుంది. జబ్బును తొందరగా పసిగట్టే పరీక్ష కనిపెట్టేవాళ్లకు అది కావాలి. అసలు క్రిమినే పెంచుదామంటే మేమూ పైకి పోతాం, వార్డుకో, ఇంకా పైకో. అందుకని ఆ ప్రోటీన్ తాలూకు జన్యువును మాత్రం తెచ్చి, ఏ పాపం ఎరగని ఇంకో బాక్టీరియాలో పెట్టేవాళ్లం. అది పిచ్చిది, పరాయివాడి గోడకు ఇటుకలు చేస్తూ కూర్చునేది.

ఫ్లాస్కులో బాక్టీరియా చిక్కగా పెరుగుతుంటే మాకు సంబరం. సంతాపం గారు దాని ముందు తల వంచుకుని నిలబడేవారు.

"మంచి బ్యాచ్. పాపం."

"ఇంకా బతికే ఉంది కదండీ!"

"అదే కదా నా బాధ."

ఒకసారి నేను ఆయన మాట లెక్కచెయ్యక, మెట్లమీద డైరెక్టర్ గారిని ఆపి మరీ, "ఈసారి పంట పండిందండీ" అని గొప్పలు పోయాను. మర్నాడు చూస్తే ప్రోటీన్ మొత్తం విరిగిన పాలలా గడ్డకట్టి ఉంది. "ఏదీ మీ పంట?" అని డైరెక్టర్ నన్ను అడిగారు. వెనకనుంచి సంతాపం గారే, "పోతుందని నేను మొన్ననే అన్నానండీ" అన్నారు. అంతే, డైరెక్టర్ నన్ను వదిలేసి ఆయన మీదికి తిరిగారు. "అసలు మీ నోరు మంచిది కాదు!"

తరవాత రోజులు బాగా చెడ్డాయి. పక్క గదుల్లో పొరపాటు చేసినవాళ్లను చేసినట్టే ఇంటికి పంపేశారు. "ఇంకో బ్యాచ్ పోతే, పోగొట్టినవాళ్లూ పోతారు" అని డైరెక్టర్ మా గదిలోనూ చెప్పి వెళ్లారు.

మా గదిలో ప్రోటీన్ శుద్ధి పని చూసే ఆవిడ భర్త ఆ పై వార్డులోనే ఉన్నాడు. ఉద్యోగుల ఇంటివాళ్లకు అక్కడ వైద్యం ఉచితం. ఉద్యోగం పోతే ఆ మంచమూ పోతుంది. పాపం, ఆవిడ కంటిమీద కునుకుంటే ఒట్టు.

శుద్ధి అంటే, ప్రోటీన్‌ను ఒక గాజు గొట్టంలోని పూసలకు అంటించి, ముందు పల్చటి ద్రావణంతో మురికి కడిగెయ్యాలి. ఆ తరవాత గాఢమైన ద్రావణం పోస్తే పూసలు ప్రోటీన్‌ను వదిలేస్తాయి. రెండూ చూడ్డానికి మంచినీళ్లే. ఆ రోజు ఆవిడ ముందే గాఢమైనది పోసింది. కిందికి దిగినదాన్ని మురికి అనుకుని సింకులో పారబోసింది. సీసా మీది చీటీ చూసుకునేసరికి అంతా అయిపోయింది.

డైరెక్టర్ వచ్చారు. "ఎవరు చేశారిది?"

"సార్, నే..." అని ఆవిడ నోరు తెరిచింది.

"నిన్ననే చెప్పానండీ ఇది దక్కదని," అంటూ సంతాపం గారు అడ్డొచ్చారు. "దాని మొహంలోనే కనిపించింది."

"ప్రోటీన్‌కి మొహమేంటయ్యా!"

"నాకు కనిపిస్తుందండీ. తరవాతి బ్యాచ్ మొహం కూడా ఏం బాగాలేదు."

డైరెక్టర్ ఎర్రబడిపోయారు. "ఇంత చదువుకుని ఇలాంటివి నమ్మకూడదు గానీ, ఇదంతా మీ నోటివల్లే! మళ్లీ బ్యాచ్ చేతికొచ్చేదాకా ఈ గదిలో మీరు నోరు విప్పారో, ఊరుకోను!" అని తలుపు ధడాలున వేసి వెళ్లిపోయారు. ఎవరు చేశారన్న మాటే మర్చిపోయారు.

అన్ని గదుల్లో కుర్చీలు ఖాళీ అవుతున్నా మా గదిలో ఒక్కటీ ఎందుకు కదల్లేదో నాకప్పుడు వెలిగింది.

"మాస్టారూ, ఇన్నాళ్లూ ఇందుకేనా మీ ఏడుపు?"

"ఛ ఛ, నాకు నిజంగానే దేనిమీదా నమ్మకం లేదండీ" అన్నారాయన, నేను ఏదో నింద వేసినట్టు నొచ్చుకుని. "కాకపోతే, డైరెక్టర్ గారికి తిట్టడానికి ఓ నోరు దొరికితే చేతుల జోలికి రారు."

మళ్లీ బ్యాచ్ పెట్టాం. మళ్లీ గాజు గొట్టం దగ్గరకు వచ్చాం. తలుపు అద్దంలోంచి డైరెక్టర్ చూస్తున్నారు. సంతాపం గారు ఆజ్ఞ ప్రకారం నోరు మూసుకుని నిలబడ్డారు. సీసా పట్టుకున్న ఆవిడ చెయ్యి గడగడా వణుకుతోంది.

"అన్నయ్యగారూ," అంది సన్నగా, "ఒక్కసారి పోయిందనండి. మీరలా ఊరుకుంటే నాకు భయంగా ఉంది."

ఆయన డైరెక్టర్‌కు వీపు తిప్పి, కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ, గొంతు తగ్గించి ఎంతో ఆప్యాయంగా అన్నారు:

"పోయిందమ్మా. ఎప్పుడో పోయింది. ఇంక నువ్వు నిశ్చింతగా పొయ్యి."

చెయ్యి నిలబడింది. ఆవిడ చీటీ చదువుకుని, సరైన సీసా వంచింది.